పాత మోటారు సైకిలు బ్రేకు గొట్టము: ఇల్లాలు ఎఱుగదగిన సంగతులు

మోటారు సైకిలు బ్రేకు గొట్టమును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వుటకు ముందు ఒక్క సంగతి యోచింపుడు. బందరునుండి గుడివాడకు గాని, చల్లపల్లి మోపిదేవుల మీదుగా అవనిగడ్డకు గాని పోవు దారిలో కొంతసేపు నిలిచి చూచినచో, ఒక్కొక్క మోటారు సైకిలుపై ఎవరెవరు ప్రయాణము చేయుచున్నారో కన్నులకు గట్టును. ముందు పెట్రోలు ట్యాంకుమీద బడికి పోవు పిల్లవాడు, నడుమ నడుపువాడు, వెనుక ఒడిలో చంటిబిడ్డతో ఇల్లాలు. బ్రేకు పిడి నడుపువాని చేతిలో నున్నది. వెనుక కూర్చున్న యామె చేతిలో బిడ్డ తప్ప మఱేమియు లేదు. బండి ఆగవలసిన చోట ఆగునా యను ప్రశ్న ఆ మువ్వురికిని సమానమే. ఇక స్వయముగా బండి నడుపుకొని బడులకును ఆస్పత్రులకును ఉద్యోగములకును పోవు సోదరీమణుల సంఖ్య మన సీమలో కొద్దిది కాదు. కావున ఈ విషయము మనది కాదనుకొనుటకు వీలులేదు.

నేను చెప్పబోవునది క్రొత్త బండ్లను గూర్చి కాదు. ఇండ్లలో ప్రేమతో దాచుకొన్న పాత బండ్లను గూర్చి. తండ్రి నడిపిన బండి, పెండ్లినాడు కొన్న బండి, పోయినవారి గుర్తుగా మిగిలిన బండి: ఇట్టివాటిని అమ్మివేయుటకు మనసొప్పదు. పండుగనాడు తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేయుదుము. తళతళలాడు ట్యాంకును చూచి సంతోషింతుము. కాని హేండిలు క్రిందుగా వ్రేలాడు మూరెడు నల్లని రబ్బరు గొట్టమువైపు చూచువారు అరుదు. బండి ప్రాణమంతయు ఇంజనులో నున్నదని మగవారి నమ్మకము. బండి మీదివారి ప్రాణము ఆ గొట్టములో నున్నదని నా నమ్మకము.

చేతి బలమును చక్రమువఱకు కొనిపోవుటకు రెండు మార్గములు కలవు. మొదటిది ఇనుపతీగ. మన పెద్దలు నడిపిన జావాలు, రాజదూతులు, పాత బుల్లెట్లు ముందుచక్రమును ఈ తీగతోనే ఆపెడివి. రెండవది ద్రవము. మూతవేసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి తగ్గక అన్ని వైపులకును సమానముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ నిరూపించెను. ఆ సూత్రమునుబట్టి మాల్కం లాక్‌హీడు అను అమెరికా దేశీయుడు 1917లో వాహనముల బ్రేకునకు పేటెంటు పొందెను. 1921లో డ్యూసెన్‌బర్గు కారులో అది అమరినది. మోటారు సైకిళ్ళలో 1969 నాటి హోండా సీబీ 750 వలన ఈ డిస్కు బ్రేకు లోకమంతటను ప్రసిద్ధి కెక్కెను. మన దేశమున 1980 దశకములో ఎన్‌ఫీల్డు ఫ్యూరీ బండికి ఇట్టి బ్రేకు వచ్చినను, ఆ బండి ఎక్కువ యిండ్లకు చేరలేదు. 1999లో వచ్చిన హీరోహోండా సీబీజెడ్‌తోను, దాని వెనుక వచ్చిన బండ్లతోను డిస్కు బ్రేకు మన వీథులలో సామాన్య మయ్యెను. ఆనాటి బండ్లే ఇప్పుడు పాతకాలపు ముచ్చట బండ్లైనవి. ప్రభుత్వము 2021లో చేసిన నిబంధనలనుబట్టి 50 సంవత్సరములు నిండిన బండికే ప్రాచీన వాహనమను గౌరవము దక్కును గనుక ఇవి యింకను మామూలు బండ్లే. 15 సంవత్సరముల రిజిస్ట్రేషను ముగిసిన పిమ్మట మరల పరీక్షించి పొడిగింపవలసినవే.

ఈ గొట్టములో ఎంత ఒత్తిడి పుట్టునో లెక్కగట్టి చూచిననాడు నాకు నిజముగా గుండె ఝల్లుమన్నది. ఆ లెక్క మీకును చెప్పెదను. నడుపువాడు 10 కిలోల బలముతో పిడిని నొక్కెననుకొందము. పిడి పొడవుచేత ఆ బలము 5 రెట్లు పెరుగు ననుకొన్నచో, హేండిలుమీది మాస్టరు సిలిండరులోని ముషలకమును, అనగా మెకానిక్కులు పిస్టను అనుదానిని, 50 కిలోల బలముతో త్రోయును. ఆ పిస్టను అడ్డుకొలత 12.7 మిల్లీమీటర్లైనచో దాని వైశాల్యము ఇంచుమించు 1.27 చదరపు సెంటీమీటర్లు. భాగింపగా చదరపు సెంటీమీటరునకు 39 కిలోలు దాటిన ఒత్తిడి. అదే ఒత్తిడి క్రింద క్యాలిపరులో 30 మిల్లీమీటర్ల పిస్టను మీద పడినప్పుడు ఇంచుమించు 280 కిలోల బలమై, ప్యాడ్లను డిస్కునకు అదిమి చక్రమును పట్టును. పది కిలోలు రెండువందల యెనుబది కిలోలగుట చమత్కారమే గాని, దానికొఱకు గొట్టము మోయు భారమును చూడుడు. మన వంటింటి ప్రెషరు కుక్కరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 1 కిలో. అనగా బ్రేకు నొక్కినప్పుడెల్ల ఆ సన్నని గొట్టము కుక్కరుకంటె ఇంచుమించు 40 రెట్లు ఒత్తిడిని భరించుచున్నది. కుక్కరు రబ్బరు గ్యాస్కెట్టు సాగి ఆవిరి వదలగానే మనము క్రొత్తది తెప్పింతుము. ఇరువదియైదేండ్ల గొట్టమును మాత్రము ఇంకను బాగున్నదిలే యని యూరకుందుము!

ఎంతకాలమునకు మార్చవలెనని అడుగుదురేమో. అనేక జపాను కంపెనీల పుస్తకములలో గొట్టమును 4 సంవత్సరముల కొకసారి, లోపలి ద్రవమును 2 సంవత్సరముల కొకసారి మార్చుమని వ్రాసియున్నది. ఇది సామాన్యమైన గాలి నీరు గల చోటులకు చెప్పిన గడువు. బందరు ఉప్పుగాలి సంగతి వేఱు. తలుపు గొళ్ళెములు, కిటికీ ఊచలు, కుట్టుమిషను సూదులు ఇచట ఎట్లు త్రుప్పుపట్టునో మీ రెఱుగుదురు. గొట్టపు రెండు కొనలను రబ్బరుతో బిగించు ఇనుప కట్లకును అదే గతి. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో రొయ్యల చెరువుల గట్లవెంట తిరుగు బండ్లకు ఉప్పుబురద తోడగును. పైగా వరదలు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వదలినప్పుడు కృష్ణ వెంబడి లంక గ్రామములలోనికి నీరు వచ్చినది. అట్లు నీట నిలిచిన బండికి ఇంజను ఆయిలు మార్చి, కార్బురేటరు కడిగి, బండి బాగైనదని తిరుగువారు కలరు; బ్రేకు ద్రవము మాటయే తలపెట్టరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమ పెద్దలకు ఉప్పునీరు ఎంతటి పని చేయునో నేను చెప్పనక్కఱలేదు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ముసలివారిని పసివారిని మెఱకకు చేర్చునది ఈ బండ్లే. ఆ రాత్రి జోరువానలో, జారు రోడ్డుమీద బ్రేకు తప్పరాదు.

గొట్టము చెడు విధములు రెండు. ఒకటి కన్నులకు కన్పట్టునది: పైన పగుళ్ళు, వంచినప్పుడు విచ్చు గీతలు, కొనలలో చెమ్మ, ఉబ్బు. దీనిని ఎవరైన కనిపెట్టవచ్చును. ఒకరు పిడిని గట్టిగా నొక్కుచుండగా రెండవవారు గొట్టమును వ్రేళ్ళతో చుట్టి పట్టుకొని చూచినచో, ముసలి గొట్టము నాడివలె ఉబ్బుట తెలియును. ఉబ్బినంత బలము చక్రమునకు చేరదన్నమాట. రెండవది లోలోపల జరుగునది, ఇది మోసకారి. పైచర్మము నున్నగనే యుండును. లోని రబ్బరు నాని, వాచి, దారి మూసికొనిపోవును. చేతి బలము గొప్పది గనుక ద్రవము ఆ యిఱుకులోనుండి క్రిందికి దూరును. పిడి వదలినప్పుడు క్యాలిపరులోని రబ్బరుచుట్టు పిస్టనును వెనుకకు లాగు బలము మిక్కిలి స్వల్పము. ఆ బలముతో ద్రవము తిరిగి పైకి పోలేదు. అందువలన బ్రేకు పట్టినది పట్టినట్లే యుండి, డిస్కు కాలిపోయి, చక్రము బిగిసికొనిపోవును.

మా పుట్టింటి బండికి పట్టినది ఈ రెండవ జాడ్యమే. మా నాయనగారు 1999లో కొన్న సీబీజెడ్ అవనిగడ్డలో మా తమ్ముని యొద్ద నున్నది. చిన్ననాట దాని ట్యాంకుమీద కూర్చుండి పులిగడ్డ అక్విడక్టు చూచుటకు పోయిన గుర్తు నాకు కలదు. ఒకనాడు మా తమ్ముడు తన కుమార్తెను వెనుక నెక్కించుకొని పులిగడ్డ కట్టవెంట వచ్చుచుండగా, గేదెలు అడ్డువచ్చెనని బ్రేకు నొక్కి వదలినాడు; బ్రేకు వదలలేదు. బండి మెల్లగా పోవుచుండుటచేత ప్రక్కకు ఒఱిగి నిలిచినది. అదే వేగముగా పోవుచున్నచో ముందుచక్రము బిగిసినంతనే కట్టక్రింద కాలువలో నుందురు. ఊరిపేరు చెప్పను గాని, ఒక మెకానిక్కు మొదట ప్యాడ్లు మార్చెను, గుణము కన్పింపలేదు. తరువాత క్యాలిపరు రబ్బర్లు మార్చెను. నాలుగు దినములు బాగుండి మరల అదే తీరు. గొట్టము మార్చుమని అడిగినప్పుడు, “పైపు శుభ్రంగానే ఉందండీ, పైన చిన్న పగులైనా లేదు, అనవసరంగా ఖర్చెందుకండీ” అని అతడు చెప్పెనట. ఖర్చు తగ్గింపవలెనని అతని సదుద్దేశమే కావచ్చును. కాని ఆ గొట్టము వెల ఒక మోస్తరు పండుగ చీర వెలకంటె తక్కువ. రెండుసార్లు చేసిన వ్యర్థపు పని అంతకు మించెను.

తప్పెక్కడ నున్నదో తెలిసికొను ఉపాయము కష్టమైనది కాదు. చక్రము బిగిసియుండగా పైన మాస్టరు సిలిండరువద్ద గొట్టపు బోల్టును గుడ్డచుట్టి కొంచెము వదులు చేయవలెను. చక్రము వదలినచో లోపము మాస్టరు సిలిండరుది. అందు ద్రవము వెనుకకు వచ్చు సూదిబెజ్జము పూడియుండును. వదలనిచో ఆ బోల్టును బిగించి, క్రింద క్యాలిపరుమీది బ్లీడు నిపులును వదులు చేయవలెను. అప్పుడు చుక్క ద్రవము చిమ్మి చక్రము వదలినచో లోపము గొట్టముది. అప్పటికిని వదలనిచో క్యాలిపరు పిస్టను త్రుప్పుతో బిగిసినదని తెలియును. మా బండి రెండవ పరీక్షలో వదలినది. తరువాత పాత గొట్టమును కోసి చూడగా, చీపురుపుల్ల దూరవలసిన దారి నడుమ పూర్తిగా పూడుకొనిపోయినట్లుండెను.

ఇక క్రొత్త గొట్టము కొనుట. ఇచట ఒక ప్రమాదమును గూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. మనది వరి పండు సీమ గనుక గుడివాడవంటి పట్టణములలోను, విజయవాడ ఆటోనగరులోను ట్రాక్టర్లకు, వరికోత యంత్రములకు హైడ్రాలిక్ గొట్టములను కొలతకు కోసి, కొనలు నొక్కి అప్పటికప్పుడు చేసియిచ్చు దుకాణములు కలవు. అవి వేయి కిలోల బరువులనెత్తు గొట్టములు గదా, ఈ చిన్న బండికి చాలదా యని తోచును. బలము చాలును, జాతి కుదరదు. ట్రాక్టరు గొట్టములోపల నుండునది నూనెకు ఓర్చు రబ్బరు. బ్రేకులోని ద్రవమునకు నూనె యని పేరే గాని అది నూనె కాదు. గ్లైకాలు జాతి రసాయనము. నూనెకు ఓర్చు రబ్బరు దీనికి ఓర్వక మెత్తబడి వాచును. అటులే, బ్రేకు రబ్బరు దీనికి ఓర్చును గాని నూనె తగిలిన వాచిపోవును. అందుచేతనే ‘బ్రేకాయిలు’ అను పేరు చూచి చుక్క ఇంజనాయిలు పోసినను, భాగములను పెట్రోలుతో గాని కిరసనాయిలుతో గాని కడిగినను ఆ బ్రేకు పాడైనట్లే. కడుగుటకు బ్రేకు ద్రవము గాని శుద్ధమైన ఆల్కహాలు గాని వాడవలెను. కడిగెడివాని చేతిలో పెట్రోలు డబ్బా చూచినచో, “బాబూ, అది వద్దు” అని చెప్పుటకు సంకోచింపకుడు.

ఆ బండికై చేసిన రబ్బరు గొట్టము దొరికినచో అది శ్రేష్ఠము. దొరకనిచో స్టీలుతీగ అల్లిక తొడుగు గల గొట్టములు కలవు. వాని లోపలిది టెఫ్లాను. అంటుకొనని దోసెపెనమునకు పూయు పదార్థమే. అది వాయదు, ఎక్కువ ఉబ్బదు, పిడి గట్టిగా నుండును. అయితే అల్లికపైన పారదర్శకమైన తొడుగు లేనిచో ఆ తీగ ఆకురాయివలె ప్రక్కనున్న రంగును, తీగెలను గీకివేయును. వాహనమునకు తగిన ప్రమాణపు ముద్ర గలదానినే కొనవలెను. గొట్టపు కొనను పట్టు బోల్టు బోలుగా నుండును. కొన గుండ్రముగా తంబురా కుండవలె నుండుటచే దానిని బంజో అందురు. ఆ బోల్టు మర జపాను బండ్లలో సాధారణముగా 1.25 మిల్లీమీటర్లు, ఐరోపా బండ్లలో 1.0 మిల్లీమీటరు. చూపునకు రెండును ఒక్కటే. ఒకదానిలో నొకటి బలవంతముగా త్రిప్పినచో క్యాలిపరు మరలు పోవును. చేతితో నాలుగు చుట్లు సులువుగా దిగనిదానికి స్పానరు పెట్టరాదు.

మేము ఈ పనిని బందరులో మా పెరటిలో చేసితిమి. మా వారు పాస్కల్ సూత్రమును బడిలో ఏటేట బోధించువారే గాని బ్లీడు నిపులును కన్నులార చూచుట ఆనాడే. మా తమ్ముడు విప్పువాడు, నేను పుస్తకము చదివి చెప్పుదానను, మా వారు పిడి నొక్కువారు: ఇట్లు పని పంచుకొంటిమి.

విప్పకముందు గొట్టము ఏ దారిని పోయినదో, ఏ క్లిప్పులో దూరినదో ఫోనులో నాలుగు వైపులనుండి ఛాయాచిత్రములు తీసికొనవలెను. ట్యాంకును, ముందు మడ్గార్డును తడిగుడ్డతోను దానిపై ప్లాస్టిక్కు కాగితముతోను కప్పవలెను. ఏలయనగా ఈ ద్రవము చుక్క పడినచో రంగు లేచిపోవును. పడినచో తుడుచుచు కూర్చుండక వెంటనే నీరు గ్రుమ్మరింపవలెను. నీటిలో అది కరగిపోవును. మాస్టరు సిలిండరు మూతమీది మరమేకుల తలలు పాత బండ్లలో త్వరగా అరిగిపోవును గనుక సరియైన కొలత గల స్క్రూడ్రైవరును నిలువుగా నొక్కి త్రిప్పవలెను. సూదిలేని సిరంజితో పాత ద్రవమును తోడివేయవలెను. మాకు వచ్చినది కాఫీ డికాక్షను రంగు. క్రొత్తది లేత తేనెరంగులో నుండును. గిన్నె అడుగున మడ్డియున్నచో తుడిచివేయవలెను. ఆ సూదిబెజ్జమును పూడ్చునది అదియే.

తరువాత క్రిందిబోల్టు, పైబోల్టు విప్పి గొట్టమును తీసివేయుదురు. క్రొత్త గొట్టమును అదే దారిని పెట్టి, బోల్టులను ముందు వ్రేళ్ళతో మాత్రమే పట్టించి, హేండిలును ఎడమకు కుడికి పూర్తిగా త్రిప్పి చూడవలెను. ఎచటను గుంజరాదు, మడత పడరాదు, టైరును తాకరాదు. ముందుచక్రము పల్లములో దిగినప్పుడును మెఱకెక్కినప్పుడును ఫోర్కు ఎంత సాగునో అంత వెసులుబాటు ఉండవలెను. ప్రతి బంజోకు పైన ఒకటి క్రింద ఒకటి చొప్పున నాలుగు రాగి వాషర్లు కావలయును. అవి క్రొత్తవై యుండితీరవలెను. మెత్తని రాగి బిగింపులో నలిగి సందులను మూయును; ఒకసారి నలిగినది మరల అంత చక్కగా నలుగదు. ఈ నాలుగు వాషర్లు మిగుల చౌక. మెకానిక్కులు పాతవే వేసి కట్టుటయు అంత సామాన్యము. బిగింపు విషయములో కంపెనీ పుస్తకములోని టార్కు అంకెను పాటింపవలెను. బోల్టు బోలుది గనుక బలము చూపినచో పుటుక్కున విఱుగును.

ఇక గాలి తీయుట. ఈ పనికి ఓర్పు కావలయును. ఇందులోనే మగవారికి విసుగు పుట్టును. క్రొత్త గొట్టమంతయు గాలి. గాలి నొక్కిన నలుగును, ద్రవము నలుగదు. చేతి బలము గాలిబుడగను నలుపుటకే సరిపోయినచో చక్రమునకు మిగులున దేమి? పిడి తడిపిండిలో వ్రేలు దిగినట్లు మెత్తగా లోనికి పోవుచున్నదనగా ఇంకను గాలి యున్నదని గుర్తు.

క్రొత్త సీసా అప్పుడే తెరచి గిన్నె నింపవలెను. బ్లీడు నిపులునకు సన్నని పారదర్శకపు గొట్టము తగిలించి, దాని రెండవ కొనను కొంచెము ద్రవము పోసిన సీసాలో ముంచవలెను. పైనున్నవారు పిడిని మెల్లగా రెండుమూడుసార్లు నొక్కి, అదిమి పట్టుకొని “పట్టితిని” అని చెప్పవలెను. అప్పుడు క్రిందివారు నిపులును పావుచుట్టు వదులు చేయుదురు. బుడగలతో ద్రవము వచ్చును. పిడి హేండిలునకు చేరును. నిపులు బిగించి “మూసితిని” అనువఱకు పిడిని వదలరాదు. వదలినచో వచ్చిన గాలియే మరల లోనికి పోవును. ఈ రెండు మాటల తాళము తప్పనిచో పని జరుగును. ప్రతి నాలుగైదు సారులకు గిన్నెలో ద్రవమును చూచి నింపుచుండవలెను. గిన్నె అడుగంటినచో మొదటికి వచ్చితిమన్నమాటే. బొత్తిగా ద్రవము దిగనిచో సిరంజితో క్రిందినుండి నిపులుద్వారా మెల్లగా ఎక్కించుట మఱియొక పద్ధతి. బుడగలు స్వభావముచేత పైకి పోవునవే గనుక ఇది త్వరగా తెమలును. గొట్టమును, క్యాలిపరును చెక్కపిడితో మెల్లగా తట్టినచో మూలలలో దాగిన బుడగలు కదలును. మాకు ఆ దినము చివరి మెత్తదనము పోలేదు. పిడిని త్రాటితో హేండిలునకు కట్టి రాత్రి విడిచి, తెల్లవాఱి చూడగా సన్నని బుడగలు పైకి చేరినవి. మరల రెండుసార్లు నొక్కగానే పిడి ఱాయివలె నిలిచినది.

పని ముగిసినతోడనే బండి నెక్కరాదు. గిన్నెను పైగీత దాటకుండ నింపి మూత బిగించి, పిడిని పూర్తి బలముతో ఒక నిమిషము నొక్కిపట్టవలెను. అది కొంచెమైనను దిగజారినచో ఎచటనో కారుచున్నది. నాలుగు వాషర్ల చుట్టును పొడి కాగితము అద్ది చూడవలెను. చక్రమునెత్తి చేతితో త్రిప్పి, బ్రేకు పట్టి, వదలి, స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో పరీక్షింపవలెను. ప్యాడ్లను వెనుకకు నెట్టియున్నచో మొదటి రెండుమూడు నొక్కులకు పిడి పూర్తిగా లోనికి పోవును గనుక, కదలుటకు ముందే నొక్కి ప్యాడ్లను డిస్కు చెంతకు తేవలెను. పిదప ఒంటరిగా, సందులో నడకవేగమున పదిసార్లు ఆపి చూడవలెను. ఆ తరువాతనే వెనుక మనిషిని ఎక్కించుకొనుట.

ద్రవమును గూర్చి నాలుగు మాటలు. సీసామీద డాట్ 3, డాట్ 4 అని వ్రాసియుండును. ఏది పోయవలెనో గిన్నె మూతమీదనే ముద్రించియుండును, దానినే పోయవలెను. క్రొత్త డాట్ 3 కనీసము 205 డిగ్రీలవద్ద మరుగును. నీరు చేరినపిమ్మట 140 డిగ్రీలకే మరుగవచ్చును. డాట్ 4 కు ఈ అంకెలు 230, 155. భాద్రపదమున డబ్బామూత వదలిన ఉప్పు ఎట్లు నీరుకారునో, ఈ ద్రవమును అట్లే గాలిలోని తేమను పీల్చుకొనును. మన డెల్టా చదునైన నేల గనుక బ్రేకు అంతగా వేడెక్కదు. ఇచట ఆ నీరు లోపలి లోహమునకు త్రుప్పు పట్టించుటయే యెక్కువ. కాని కుఱ్ఱవాండ్రు అదే బండిమీద శ్రీశైలము ఘాటురోడ్డు దిగుదురు. అచట వరుసగా బ్రేకు పట్టినప్పుడు నీరు ఆవిరియై బుడగలు పుట్టి, పిడి శూన్యమును నొక్కినట్లగును. డాట్ 5 అనునది సిలికాను ద్రవము. దానిని వీనితో కలుపరాదు. డాట్ 5.1 అనునది మరల గ్లైకాలు జాతిదే. పేర్లు పెట్టినవారు ఏమి తలచిరో గాని, గృహిణి వంటింటిలో రెండు డబ్బాలకు ఇట్టి పేర్లు పెట్టినచో ఇంటిల్లిపాది నవ్వుదురు.

మిగిలిన ద్రవమును దాచుకొనుట మనకు అలవాటైన పొదుపు. ఇచట ఆ పొదుపు పనికిరాదు. మూత తెరచిన సీసా మన తేమలో కొలది మాసములకే చెడును. అందుచేత చిన్న సీసానే కొనవలెను. ఇది విషము. త్రాగునీటి సీసాలోను శీతలపానీయపు సీసాలోను ఒక్క గడియయైనను పోసియుంచరాదు. తేనెరంగులో, కొంచెము చిక్కగా నుండు ఈ ద్రవమును చూచి పిల్లలు పానకమనుకొనుట ఎంతసేపు? గాలి తీయుటకు వాడిన సీసాను మేము పని కాగానే మూతబెట్టి, పైన పేరు వ్రాసి, అటుకమీద పెట్టితిమి. కంటిలో చిమ్మినచో నీటితో బాగుగా కడిగి వైద్యునికి చూపవలెను.

పాత ద్రవమును ఎక్కడ పారబోయుదురు? కాలువలో పోయుట నేను కన్నులార చూచితిని. దివిసీమలో నేల త్రవ్విన ఉప్పునీరు పడు ఊళ్ళెన్నియో కలవు. కాలువనీరు చెరువున నింపుకొని, అదియే కాచి వడబోసి త్రాగుదుము. నీటిలో కరగు విషమును ఆ కాలువలో పోయుట తన కడవలో తానే పోసికొనుట. వాడిన ఇంజనాయిలు సేకరించు వర్క్‌షాపులో దీనిని వేఱు డబ్బాలో అప్పగింపవచ్చును. ఆయిలుతో కలుపవలదని చెప్పి యియ్యవలెను.

పని తామే చేసికొను ఓపిక గాని సాధనములు గాని లేనివారు మెకానిక్కునకే ఇచ్చుట మంచిది. కాని దగ్గఱ నిలిచి మూడు సంగతులు చూడుడు: సీసా ముద్ర మీ యెదుట తెరచెనా, రాగి వాషర్లు నాలుగును క్రొత్తవేనా, కడుగుటకు పెట్రోలు వాడలేదు గదా. అనుభవశాలియగు మెకానిక్కు ఇట్టి ప్రశ్నలకు కోపగింపడు. “అమ్మగారికి పని తెలుసే!” అని నవ్వి, ఇంకను జాగ్రత్తగా చేయును. 2019 ఏప్రిలునుండి అమ్ముచున్న 125 సీసీకి మించిన బండ్లలో చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏబీఎస్ అను ఏర్పాటుండుట విధి. అందు గొట్టములును, కొళాయిపెట్టెయు అధికము. గాలి తీయు పద్ధతియు కొంత భిన్నము. అట్టివానిని పెరటిలో విప్పుటకు పూనుకొనవద్దని నా సలహా.

మా తమ్ముడు బండిని అవనిగడ్డకు కొనిపోయి వారము తిరిగినపిమ్మట మరల నాలుగు వాషర్లను కాగితముతో అద్ది చూచి, “పొడిగానే ఉందక్కా” అని ఫోను చేసెను. ద్రవము మార్చిన తేదీ మా గోడ క్యాలెండరు వెనుక వ్రాసియున్నది. రెండేండ్ల గడువు వచ్చు మాసము ప్రక్క గుర్తు పెట్టితిని. కోసిన పాత గొట్టపు ముక్కలను మా వారు పొట్లము కట్టుకొని బడికి తీసికొనిపోయిరి. పై తరగతి పిల్లలు ఒక్కొక్కరే చీపురుపుల్ల దూర్చి చూచి, దూరుటలేదని కేకలు వేసిరట.